మెడలో పలక

నేను ఎం.ఎ. ఫ్రెంచ్‌లో చేరతానంటే మా నాన్న నవ్వాడు. "ఖమ్మం మిర్చి మార్కెట్లో ఫ్రెంచ్‌లో బేరమాడతావా?" అన్నాడు. కోస్తా నుంచి వచ్చి ములకలపల్లి దగ్గర అడవి అంచున మిరప వేసుకుని నిలదొక్కుకున్న కుటుంబం మాది. పంతానికి పోయి చేరాను. నాకు పంతం ఎక్కువ, ధైర్యం తక్కువ. ఆ రెండో సంగతి తర్వాత తెలిసింది.

హైదరాబాదులో రెండో ఏడాది, ఫ్రెంచ్ వాళ్లు ఏలిన దేశాల సాహిత్యం చెప్పే మేడం ఒకరోజు అక్కడి బళ్ల గురించి చెప్పారు. పిల్లలు ఇంటి భాష మాట్లాడితే మెడలో చెక్కముక్క వేలాడదీసేవారట. అదే తప్పు చేసినవాళ్లు ఇంకొకరు దొరికేదాకా దాన్ని తీయకూడదట.

"మా బడిలో కూడా ఉండేది మేడం. కోయ మాట్లాడితే మెడలో పలక వేసేవాళ్లు," అన్నాను.

క్లాసంతా నా వైపు తిరిగింది.

"నీకూ వేశారా?" అని మేడం మెల్లగా అడిగారు.

వేశారన్నాను.

అబద్ధం. మా ఇంట్లో ఎవరికీ కోయ రాదు. నేను క్లాసు లీడర్ని. పలకకు దారం కట్టి ఉంచింది నేను, ఎవరు మాట్లాడారో సారుకు చెప్పింది నేను. నా బెంచీలో కూర్చునే కోయ పిల్ల మెడలోనే ఎక్కువసార్లు వేశాను. మధ్యాహ్నం వాళ్ల తమ్ముణ్ని అన్నం తినమని కోయలో బతిమాలుతున్నా వేశాను. ఆరో తరగతి సగంలో ఆ పిల్ల బడి మానేసింది. అప్పుడు నాకేమనిపించిందో గుర్తు లేదు. గుర్తు లేనందుకు ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

ఆ అనుభవాన్ని సెమినార్ పేపరుగా రాయమన్నారు మేడం. దారం మెడకు ఒరుసుకోవడం గురించే రెండు పేజీలు రాశాను. చదువుతుంటే ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. డిపార్ట్‌మెంటు పత్రికలో వేస్తామన్నారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, నాది మరీ అతికింది. నిజం చెబుదామని రెండుసార్లు మేడం గది దాకా వెళ్లి తిరిగొచ్చాను.

అచ్చయ్యేలోపు నా బెంచీలో కూర్చున్న ఆ పిల్లకైనా చెప్పాలని ఊరికి వచ్చాను. వెతకనక్కర్లేకపోయింది. మా చేలోనే మిర్చి ఏరుతోంది. గట్టు మీద నాలుగైదేళ్ల కూతురు ఆడుకుంటోంది.

"ఎప్పుడొచ్చిండ్రు మేడం?" అంది నన్ను చూసి. ఒకప్పుడు ఇద్దరం ఒకే బెంచీ.

చెప్పాను. పలక నా మెడలో వేశారని రాసుకున్నానని, అందరూ నన్ను చూసి జాలిపడ్డారని. ఆమె చేతులు ఆగలేదు.

"ఏ భాషల రాసిండ్రు?"

"ఫ్రెంచ్‌లో."

"అయితే ఏమైతది తియ్యిండ్రి. మావోళ్లు ఎవ్వరు చదవరు."

క్షమించమన్నాను. పాప ఎండలోకి వస్తుంటే, "నీడకు కూసో బిడ్డా," అని ఆమె కేకేసింది. తెలుగులో.

"పాపకు కోయ వచ్చా?" అని అడిగాను.

"రాదు మేడం. నేర్పియ్యలే. వచ్చే ఏడు బడికి పోవాలె గదా."

అక్కడ నిలబడలేక గట్టు మీదికి వచ్చాను. అక్కడి నుంచే మేడంకు ఫోన్ చేసి పేపరు వేయొద్దన్నాను. ఎందుకని అడిగారు. ఆవిడా తెలుగావిడే. పలక వేసింది నేనేనని, నా మెడలో ఎవరూ వేయలేదని తెలుగులోనే చెప్పాను.

పాప ఆట ఆపి నన్నే చూస్తోంది. నేనన్న ప్రతి మాటా ఆ పిల్లకు అర్థమైంది.