చేత్తో వేడి చూసే వరహాలు

వరహాలు బాబాయి నాకు చుట్టం కాదు. టాటానగర్ రైల్వే క్వార్టర్లలో మా గోడ అవతల మనిషి. పద్దెనిమిదేళ్లప్పుడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, యార్డులో వ్యాగన్లు తనిఖీ చేసే పనిలో చేరి, ముప్పైనాలుగేళ్లు అదే చేశాడు. గూడ్సు వచ్చి ఆగగానే పక్కనే నడుస్తూ, ఒక్కో చక్రం దగ్గర ఇరుసు పెట్టె మీద చేతి వెనక వైపు ఆనించేవాడు. అరచెయ్యి మొద్దుబారిపోతుందట, వెనక చర్మం అబద్ధం చెప్పదట. వేడి ఎక్కువనిపిస్తే సుద్దతో గుర్తు పెట్టేవాడు. ఇక ఆ వ్యాగన్ కదిలేది కాదు. ఆ గుర్తు చూసి ఇంజనీర్లు కూడా మారుమాట్లాడేవారు కాదని నూకమ్మ పిన్ని చెబుతుంది. మొగుడి సంగతి కదా, కొంచెం కలిపే చెబుతుంది.

రెండువేల నాలుగులో యార్డులోకి టార్చిలైటు లాంటి ఒక మిషను వచ్చింది. దూరం నుంచి చూపిస్తే చాలు, వేడి ఎంతో అంకె వేస్తుంది. ఒకరోజు బాబాయి గుర్తు పెట్టిన వ్యాగన్‌ని మిషను బాగుందంది. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు అందరి ముందూ ఆ సుద్దని తుడిచేసి, "చాచా, అబ్ హాథ్ జేబ్ మే రఖో" అన్నాడు. ఇక చేతులు జేబులో పెట్టుకో అని.

వ్యాగన్ వెళ్లిపోయింది. అది దారిలో ఎక్కడైనా కాలి ఆగిపోయిందన్న కబురు కోసం బాబాయి రెండ్రోజులు యార్డు ఆఫీసు చుట్టూ తిరిగాడు. రాలేదు. నిక్షేపంగా చేరింది. ఆ తర్వాత ఆయనకి వ్యాగన్ల నంబర్లు రాసే పని ఇచ్చారు.

అప్పట్నుంచి ఇంట్లో కనబడిన ప్రతిదాన్నీ పట్టుకుని చూడ్డం మొదలెట్టాడు. గ్రైండరు మోటారు, వీధిలో ఎవరిదో స్కూటరు, మా టేబుల్ ఫ్యాను. "కాలిపోతందిరా, సూసుకో" అనేవాడు. ఎవరూ వినేవారు కాదు. నేనూ వినలేదు. నా గోల నాది.

నేను డిగ్రీ రెండో ఏడు మానేసి ఇంట్లో కూర్చున్నాను. ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ కొనుక్కుని, పొద్దున్న లేచింది మొదలు తుపాకుల గేమ్ ఆడేవాణ్ణి. దానికి పది నిమిషాల ఆయుష్షు. ఆట వేడెక్కేసరికి తెర నల్లబడి, మొత్తం ఆగిపోయేది. బిష్టుపూర్ బజారులో అనురాగ్ కంప్యూటర్ షాపుకి రెండుసార్లు మోశాను. అనురాగ్ అగ్రికో కాలనీలో ఉండే ఒక ఇంజనీరు గారి అబ్బాయి. తెలుగువాడే కానీ నోట్లో అంతా హిందీయే. ఒకసారి పవర్ సప్లై మార్చాడు, ఇంకోసారి ఫ్యాను మార్చాడు. ఇంటికొస్తే మళ్లీ అదే పది నిమిషాలు.

నేను దాన్ని తిట్టిన తిట్లన్నీ గోడ అవతలికి వినబడ్డాయి.

"ఏటిరా కిషోరు, దేన్ని తిడతన్నావు?" అంటూ వచ్చాడు బాబాయి.

"ప్రాసెసర్ వేడెక్కి ఆగిపోతోంది. నీకు తెలీదులే, బాబాయ్."

"ఏడి సంగతి నాకు తెల్దా? పక్క రేకు ఇప్పు. నువ్వాడతా ఉండు."

నేను ఆడుతున్నాను. ఆయన లోపలికి చెయ్యి పెట్టి, ప్రాసెసర్ మీద కూర్చునే అల్యూమినియం దిమ్మకి చేతి వెనక వైపు ఆనించాడు. ఎనిమిదో నిమిషంలో తెర నల్లబడింది. మళ్లీ ఆన్ చేసి చూస్తే ప్రాసెసర్ వేడి తొంభై నాలుగు డిగ్రీలని తెర మీద వచ్చింది.

"తొంభై నాలుగేటి? ఈ దిమ్మ గోరెచ్చగా కూడా లేదు," అన్నాడు. మళ్లీ ఓసారి చెయ్యి ఆనించి చూసి, "కింద కాలతంది, పైకి రాట్లేదు. మజ్జిలో ఏటో అడ్డుంది. ఇప్పు," అన్నాడు.

విప్పాం. ప్రాసెసర్‌కీ దిమ్మకీ మధ్య ఉండి వేడిని పైకి అందించాల్సిన పేస్టు ఎండి, పాత సున్నంలా పెచ్చులు కట్టి ఉంది. రెండుసార్లు తీసుకెళ్తే షాపువాళ్లు చూడనిది ఆయన చేత్తో పట్టేశాడు.

అక్కడితో ఆగుంటే సరిపోయేది. ఆయనకి తెలిసిన మందు ఒకటే. ఇంటికెళ్లి యార్డు గ్రీసు డబ్బా తెచ్చి, ఇరుసు పెట్టెలో కూరినట్టు దట్టంగా కూరాడు. "ఎంత ఏస్తే అంత సల్లగా ఉంటాది," అన్నాడు. నేనూ ఆపలేదు. నాకు మాత్రం ఏం తెలుసు?

ఒక్కరోజు నలభై నిమిషాలు ఆడాను. ఆ రోజు బాబాయి వీధంతా చెప్పుకుని తిరిగాడు. మర్నాడు గ్రీసు కరిగి బోర్డు మీద కారింది. ఇల్లంతా కమురు కంపు. కంప్యూటర్ ఇక లేవలేదు.

షాపుకి బయల్దేరుతుంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురొచ్చాడు. "నానూ వత్తాను. మందు తేడా పడింది, ఒప్పుకుంటాను. రోగం మాత్రం సరిగ్గానే సెప్పాను. ఆ మాట ఆ కొట్టాయన నోట ఓసారి ఇనాల."

అనురాగ్ మూత తీసి పగలబడి నవ్వాడు. "అరే, యే క్యా హై? ఇందులో పూరీలు వేయించారా?" షాపులో అందరూ మూగారు. "ఎవరి పని ఇది?"

నేను వెనక్కి చెయ్యి చూపించాను. "ఈయనే. రైల్వే మనిషి."

ఇంకా నవ్వారు. బాబాయి కూడా కొంచెం నవ్వాడు. తన వంతు వస్తుందని ఆగాడు. అనురాగ్ గ్రీసు తుడిచి, మూల్లో మిగిలిన పాత పేస్టు పెచ్చు గీకి చూసి, నవ్వాపేశాడు.

"పేస్ట్ సూఖ్ గయా థా! ఎండిపోయిందని మాకే తెలీలేదు. ఎవరు పట్టారు?"

బాబాయి ఒకడుగు ముందుకేశాడు.

"నేనే," అన్నాను. "దిమ్మ చల్లగా ఉందని చూసి పట్టాను."

ముందు అనుకుని అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. వెనక్కి తీసుకోవడానికి టైముంది. తీసుకోలేదు.

"దిమాగ్ హై తేరే మే, బుర్రుంది నీకు," అన్నాడు అనురాగ్. "ఖాళీగా ఉన్నావు కదా, సోమవారం నుంచి వచ్చేయ్. రిపేర్లు నేర్చుకుందువు."

బాబాయి ముందుకేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. తనే పట్టానని చెప్పినా ఆ గ్రీసు చూసినవాళ్లు నమ్ముతారా? అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. తిరుగు ఆటోలో ఒళ్లో ఆ చచ్చిన కంప్యూటర్ పెట్టుకుని, ఎదర రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. క్వార్టర్ల గేటు దగ్గర దాన్ని నాకందించి, "సోమారం టైముకెల్లు" అన్నాడు.

నాతో ఆయన మాట్లాడిన ఆఖరి తెలుగు అదే. అలిగాడనుకున్నాను. అలిగితే మాట్లాడరు కదా, ఆయన మానెయ్యలేదు. ఎదురుపడితే పలకరిస్తాడు. ఊరూ పేరూ తెలియనివాడితో మాట్లాడినట్టు హిందీలో, "క్యా బాబూ, డ్యూటీ జా రహే హో?" అంటాడు. డ్యూటీకి పోతున్నావా అని. అవునని తలూపి, సైకిలెక్కి అనురాగ్ షాపుకి పోతాను.