ముత్తయ్య సంతకం పెట్టని కాయితం

మొన్న ఖమ్మంలో మా వీధి తలుపుకు పాలిష్ పెట్టడానికి వచ్చిన వడ్రంగి సీసా మూత తియ్యగానే వరండా అంతా అవిసె నూనె వాసన గుప్పుమంది. కొంచెం చేదుగా, కొంచెం గింజలు వేయించినట్టుగా ఉండే ఆ వాసన తగిలేసరికి నేను తుంచుతున్న చిక్కుడుకాయలు చేతిలోనే ఉండిపోయాయి. నాకు మళ్ళీ పదకొండేళ్ళు వచ్చాయి. అది ఆదివారం పొద్దున. మా క్వార్టరు మెట్ల మీద కుంజా ముత్తయ్య కూర్చుని, పాత బనీను గుడ్డను నూనెలో ముంచి, తన హాకీ కర్రకు పై నుంచి కిందికి, కింది నుంచి పైకి, పసిబిడ్డకు ఒళ్ళు రుద్దినంత ఓపికగా రుద్దుతున్నాడు.

మాది ప్లైవుడ్ ఫ్యాక్టరీ కాలనీ. బూర్గంపాడు దాటి కొంచెం పోతే, పొగాకు చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట, ఒకే రకం పెంకుటిళ్ళు నాలుగు వరసలుగా ఉండేవి. మా నాయిన తిరుమలాయపాలెం దగ్గరి పల్లె నుంచి వచ్చి అక్కడ స్టోర్సులో గుమస్తాగా చేరాడు. అమ్మది తల్లాడ. మాఘం పోయాక ఇప్పపువ్వు రాలే రోజుల్లో పొద్దుటి గాలి తియ్యగా, మత్తుగా ఉండేది. ఆ వెనకే బీడీలకు పోయే తునికాకు కట్టలు ఎండబెట్టిన కల్లాల నుంచి ఘాటైన పచ్చి వాసన వచ్చేది. వానాకాలంలో గోదావరి పోటెత్తితే కిన్నెరసాని నీళ్ళు ముందుకు పోలేక వెనక్కి తన్ని చేలల్లోకి పాకేవి, బస్సులు ఆగిపోయేవి, బడికి సెలవులిచ్చేవాళ్ళు, మేము మూడు పూటలా ఎండుచేపల పులుసూ ఊరగాయా తింటూ కిటికీలోంచి నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చూసుకునేవాళ్ళం. చలికాలం మాత్రం పూర్తిగా హాకీది.

హాకీ అక్కడికి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. మొదట్లో పనిచేసిన ఒక పెద్ద ఇంజనీరు తెచ్చాడని చెప్పుకునేవాళ్ళు. నాకు ఊహ తెలిసేసరికే ఫ్యాక్టరీకి ఒక టీము ఉంది, ఎర్రమట్టి గ్రౌండు ఉంది, ఏటా సంక్రాంతి పోయాక చుట్టుపక్కల జిల్లాల టీములు వచ్చి ఆడే పోటీలు ఉన్నాయి. పిల్లలం మేము అడవి అంచుకు పోయి, మొదలు దగ్గర వంకర తిరిగిన వెదుళ్ళు వెతికి కోయించుకునేవాళ్ళం. బంతికి బదులు మారేడు కాయ. గట్టి దెబ్బ పడితే అది పగిలి, లోపలి గుజ్జు కాళ్ళ మీద చిమ్మి, ఆ జిగట కడుక్కున్నా పోయేది కాదు. "ఆడపిల్లవు, ఈ మోకాళ్ళేందే, గీ దెబ్బలేంది" అని అమ్మ పసుపు అద్దుతూ తిట్టేది. తిడుతూనే ఎవరు గెలిచారని అడిగేది.

ముత్తయ్యది కిన్నెరసాని అవతల అడవిలో పాతిక ఇళ్ళ గూడెం. ఇంట్లో కోయ భాష మాట్లాడేవాడు, మాతో తెలుగు. అప్పుడు ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్ళుంటాయి. బక్కగా, పొడుగ్గా ఉండేవాడు, మనిషి నెమ్మది. మైదానంలో మాత్రం పెనాల్టీ కార్నరు వచ్చిందంటే జనమంతా ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఒకడు బంతి తోస్తాడు, ఒకడు చేత్తో ఆపుతాడు, ముత్తయ్య కర్ర అట్లా లేచి ఇట్లా దిగుతుంది, అంతే. బంతి ఎప్పుడు పోయిందో కనపడదు. గోలు వెనక చెక్క ఫట్‌మన్న చప్పుడే మాకు వినిపించేది.

అంత ఆటగాడికీ ఉద్యోగం ఆరు నెలలదే. దసరాకు ఒక కాయితం ఇచ్చి లోపలికి తీసుకునేవాళ్ళు, ఉగాదికి పంపేసేవాళ్ళు. మిగతా కాలం తునికాకు కోతకో, ఫ్యాక్టరీ కోసం దుంగలు లాగే కూలికో పోయేవాడు. మళ్ళీ దసరాకు కొత్త కాయితం. నాలుగేళ్ళుగా ఇదే వరస. "ఈ ఏడు పర్మనెంటు చేస్తం" అని టీము చూసే స్పోర్ట్స్ ఆఫీసరు ఏటా చెప్పేవాడు.

ఈ సంగతి మీద మా కాలనీ గేటు ముందు సుబ్బారావు హోటల్లో జరిగినంత వాదన నేను ఇంకెక్కడా వినలేదు. సుబ్బారావు గారిది గుడివాడ వైపు. పొలాలు కొందామని వచ్చి, హోటలు పెట్టి, హాకీ పిచ్చిలో పడిపోయాడు. ఆదివారం పొద్దున నాయిన వెంట పోతే నాకొక గారె దొరికేది, అందుకని నేను తప్పకుండా పోయేదాన్ని. కొబ్బరి చట్నీ, పొయ్యి కింద పచ్చి కట్టెల పొగ, తడిసిన బల్లల వాసన, ఆ మధ్యలో వాళ్ళ గొంతులు.

"పర్మనెంటు చేసేస్తే ఇంకేం ఆడతాడండీ? పోయినేడు గోల్‌కీపర్ని చేశారు, ఏమైంది? బొజ్జొచ్చింది. మేనేజ్‌మెంటుకి తెలీదంటారా?" అనేవాడు సుబ్బారావు, జల్లెడగంటె నూనెలో ఆడిస్తూ.

సైకిల్ షాపు యాకూబ్ మామ ఊరుకునేవాడు కాదు. "అచ్ఛా, గట్లయితే ఆఫీసరును గూడ ఆర్నెల్లకే పెట్టుమను భాయ్. ఎంత జల్దీ పని చేస్తడో మేం గూడ చూస్తం!"

బల్లలన్నీ నవ్వేవి. నాయిన నవ్వేవాడు కాదు. చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకుని, గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, "మేనేజ్‌మెంటు కష్టాలు మేనేజ్‌మెంటుకు ఉంటయ్. టైము రావాలె గదా. చేస్తరు" అనేవాడు. ఎన్నిసార్లు అడిగినా ఆయన మాట అదే. ఫ్యాక్టరీ అంటే ఆయనకు అంత నమ్మకం. పల్లెలో ఎకరం మెట్ట చెలకతో కుస్తీ పడుతున్న మనిషికి జీతం, క్వార్టరు, పిల్లలకు బడి ఇచ్చిన చోటు అది.

ఆ ఏడు పోటీలకు పది రోజుల ముందు కబురు పొక్కింది. వరంగల్లులోని ఒక మిల్లు టీము వాళ్ళు ముత్తయ్య ఆట చూసి, తమ దగ్గరికి వస్తే పర్మనెంటు ఉద్యోగం ఇస్తామని మనిషిని పంపారట. హోటల్లో గోల మిన్నంటింది. పొమ్మని యాకూబ్ మామ, పోతే ఊరికి ద్రోహమని సుబ్బారావు గారు. ఆ సాయంత్రం నాయిన ఇంటికి ఒక కవరు పట్టుకొచ్చాడు. ఆఫీసరు ఆయన్ని పిలిపించి, "ముత్తయ్య మీ మాట వింటాడు. ఇది మూడేళ్ళ అగ్రిమెంటు, పర్మనెంటు లాంటిదే అని చెప్పి సంతకం పెట్టించండి" అన్నాడట. ముత్తయ్య సెలవు చీటీలన్నీ నాయినే రాసేవాడు, అందుకని ఆ నమ్మకం.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం అమ్మా నేనూ వరండాలో చింతపండు గింజ తీస్తున్నాం. నాయిన కుర్చీ వెలుతురులోకి జరుపుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, ఇంగ్లీషులో టైపు కొట్టిన ఆ కాయితం చదివాడు. ఒకచోట ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. మళ్ళీ అక్కడే ఆగాడు.

"ఏమున్నది దాంట్ల?" అంది అమ్మ.

 నాయిన కాయితం మడిచాడు, విప్పాడు.  ఇంతలో ముత్తయ్య వచ్చాడు. తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, శుభకార్యానికి వచ్చినట్టు వచ్చాడు. మెట్టు మీద కూర్చుని, "సంతకం ఏడ పెట్టాలె సార్?" అన్నాడు.

నాయిన కాయితం మళ్ళీ విప్పాడు. "ముందు విను ముత్తయ్యా. మూడేండ్లు ఇంకే టీముకు ఆడొద్దని రాసిండ్రు. దెబ్బ తగిలి ఆడలేకపోతే ఆ దినమే తీసేస్తరట, నోటీసు గూడ ఉండదు. పర్మనెంటు అన్న మాట ఎక్కడా లేదు. రెండుసార్లు చూసిన."

ముత్తయ్య చూపు తన మోకాలి మీదికి పోయింది. దాని మీద పాత కుట్ల మచ్చ ఉంది. "పెట్టాల్నా, వద్దా సార్?" అన్నాడు.

"అది నేను చెప్పలేను బిడ్డా. ఉన్నది ఉన్నట్టు చెప్పిన."

"నాకు ఈ గ్రౌండు ఇడిసిపోవుడు ఇష్టం లేదు సార్. మా గూడెపోళ్ళంత చూడనీకె వస్తరు. పర్మనెంటు అని ఒక్క మాట కాయితం మీద ఎయ్యమను, ఈడనే ఆడుత. గదే రాసియ్యి."

నాయిన లోపలికి పోయి తెల్లకాయితం తెచ్చుకున్నాడు. రాసే ముందు ఒకసారి అమ్మ వైపు చూశాడు. అమ్మ తలెత్తకుండానే, "చదువుకున్నోనివి, చదివి చెప్పినవు. దాంట్ల తప్పేంది? రాయ్" అంది. ఆయన తన గుండ్రటి అక్షరాలతో ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశాడు. కింద ముత్తయ్య తెలుగులో సంతకం చేశాడు, మూడు అక్షరాలు, నెమ్మదిగా.

ఆ గుండ్రటి అక్షరాలు ఎవరివో ఆఫీసులో అందరికీ తెలుసు. మూడో రోజు నాయినను స్టోర్సు నుంచి కలప యార్డుకు మార్చారు. ఎండలో నిలబడి దుంగల మీద నంబర్లు చూసుకునే పని. ముత్తయ్య అడిగిన మాట కాయితం మీద పడలేదు. సంతకం పెట్టనివాడికి టీములో చోటు లేదన్నారు. ఆ ఏడు సెమీఫైనల్లో అతను మైదానం బయట, తన గూడెం వాళ్ళ మధ్య, తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. మనకు ఐదు పెనాల్టీ కార్నర్లు వచ్చాయి. ఒక్కటీ గోలు కాలేదు. ఓడిపోయాం.

ఆ తర్వాతి రోజులు నాకు బాగా గుర్తు. సుబ్బారావు గారు నాయినను చూసి మొహం తిప్పుకున్నాడు. "మీరు నోరు మూసుకుని సంతకం పెట్టిస్తే కప్పు మన దగ్గరుండేది" అని అందరి ముందూ అన్నాడు. నాయిన గ్లాసులో సగం టీ వదిలేసి లేచి వచ్చాడు, ఆ తర్వాత హోటలుకు పోలేదు. బళ్ళో నాతో మారేడు కాయ ఆడే లక్ష్మి, "మీ నాయిన వల్లనే ఓడినం, నువ్వు మా దిక్కు ఆడొద్దు" అంది. నేను ఏడుస్తూ ఇంటికొచ్చి నాయినను నిలదీశాను. అప్పుడే యార్డు నుంచి వచ్చాడు, జుట్టు నిండా బెరడు పొడి. "నువ్వయితే ఏం చేసేదానివి?" అని అడిగాడు నన్ను, కోపం లేకుండా, నిజంగానే తెలుసుకుందామన్నట్టు.  నా ఏడుపు ఆగింది.

ఉగాది వెళ్ళిన మర్నాడు ముత్తయ్య వరంగల్లు పోయాడు. పోయే ముందు మా ఇంటికి వస్తే అమ్మ బూరెలు మూట కట్టి ఇచ్చి, "తమ్మీ, ఆడ తిండి మంచిగ తిను" అంది. అతను నాయిన కాళ్ళకు మొక్కబోతే నాయిన కంగారుగా వెనక్కి జరిగాడు.

మరుసటి ఏడు పోటీలకు వరంగల్లు మిల్లు టీము వచ్చింది. మనతోనే ఆట. పచ్చ చొక్కాలో ముత్తయ్య మైదానంలోకి దిగితే చప్పట్లు లేవు, ఈలలు లేవు. నాయిన దూరంగా, యార్డు కంచె పక్కన నిలబడి చూస్తున్నాడు, నేను ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నాను. రెండో సగంలో వాళ్ళకు పెనాల్టీ కార్నరు వచ్చింది. కర్ర లేచింది, దిగింది, చెక్క ఫట్‌మంది.

ఆ నిశ్శబ్దంలో ముందు వరసలోంచి ఒక గొంతు లేచింది. "కొట్టాడ్రా మనోడు!"

సుబ్బారావు గారు. కుర్చీ మీదికి ఎక్కి, రెండు చేతులూ పైకెత్తి, తువ్వాలు తిప్పుతున్నాడు. గోలు పడింది మన మీదేనని గుర్తొచ్చేసరికి చేతులు అట్లాగే గాల్లో ఆగిపోయాయి. యాకూబ్ మామ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు వరస వరసకూ పాకి, గూడెం వాళ్ళకు అంటుకుని, చప్పట్లుగా మారింది. ముత్తయ్య ఎటు చూడాలో తెలియక తల వంచుకుని తన సగానికి నడిచాడు. నేను తలెత్తి నాయిన మొహంలోకి చూశాను. ఆయన కూడా నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆట అయ్యాక సుబ్బారావు గారు కంచె దాకా వచ్చాడు. కంచె తీగ పట్టుకుని, "కృష్ణమూర్తి గారూ, ఏడాదైంది మీరు రాక. రేపు రండి, పాపను కూడా తీసుకురండి" అన్నాడు. నాయిన "అవ్, వస్త" అన్నాడు. ఆ నెలలోనే ఆటగాళ్ళను పర్మనెంటు చెయ్యాలని కాలనీ అంతా కలిసి అర్జీ పెట్టింది. రాసింది నాయిన, మొదటి సంతకం సుబ్బారావు గారిది. ఇద్దరు కుర్రాళ్ళను పర్మనెంటు చేశారు. నాయినను మాత్రం యార్డు నుంచి వెనక్కి పిలవలేదు. రిటైరయ్యేదాకా అక్కడే చేశాడు. 

ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. నాయినా, సుబ్బారావు గారూ, యాకూబ్ మామా ఎవరూ లేరు. పోయిన చలికాలం భద్రాచలం పని మీద వెళ్ళి, ముత్తయ్యను వెతుక్కుంటూ గూడేనికి పోయాను. వరంగల్లు వెళ్ళిన ఐదో ఏడు మోకాలు పోయిందట. ఆట పోయింది గానీ ఉద్యోగం పోలేదు, మిల్లు గేటు దగ్గర కూర్చోబెట్టారు, అక్కడే రిటైరయ్యాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని కుంటుతూ నడుస్తాడు.

నన్ను బస్సెక్కించడానికి పాత కాలనీ దాకా వచ్చాడు. గ్రౌండు ఉన్నచోట బొగ్గు లారీలు నిలబడి ఉన్నాయి. ఒక కుర్ర డ్రైవరు లారీ నీడలో పంపు స్టవ్వు మీద అన్నం వండుకుంటున్నాడు. ముత్తయ్య ఆ పక్కా ఈ పక్కా చూసి, పాత గోలు ఎక్కడుండేదో లెక్క సరిచూసుకుని, "జర జరుగు తమ్మీ, ఈడ కార్నరు కొట్టాలె" అన్నాడు. ఆ అబ్బాయికి ఏమీ అర్థం కాలేదు. పెద్దాయన అడిగాడు కదా అని, స్టవ్వు ఎత్తి పక్కకు జరిపాడు.

మేమిద్దరం పగలబడి నవ్వాం. నవ్వి నవ్వి ఆగాక, ఎందుకు నవ్వామో తెలిసినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరని ఇద్దరికీ తోచినట్టుంది. అంతలో బస్సు వస్తే ముత్తయ్య చేతికర్ర పైకెత్తి ఆపాడు.