ఏమీ అడగగూడని రోజు

మా నాయన మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో కోత మిషను మీద పనిచేశాడు. గని నుంచి వచ్చిన రాతి బిళ్లను తిరిగే చక్రానికి ఆనించి, బడిపిల్లల పలకలకు సరిపోయేట్టు కోసేవాడు. పలకలు పోయి నోటుబుక్కులు వచ్చాక, అదే చక్రం మీద గోడలకు అతికించే డిజైను రాళ్లు కోశాడు. ఏ రాయి కోసినా దుమ్ము ఒకటే. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమలు, చెవులు, చేతుల మీది వెంట్రుకలు అన్నీ బూడిద రంగులో ఉండేవి. ముక్కుకు కట్టుకున్న తువ్వాలును అమ్మ దొడ్లోకి తీసుకుపోయి దులిపేది. దులిపినప్పుడల్లా ఆమెకూ తుమ్ములు వచ్చేవి.

ఆయుధపూజ రోజు మాత్రం పనివాళ్ల పిల్లలను ఫ్యాక్టరీ లోపలికి రానిచ్చేవాళ్లు. మిషన్లన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండలు వేసేవాళ్లు. వాకిట్లో గుమ్మడికాయ కొట్టేవాళ్లు. బొరుగులు, బెల్లం, కొబ్బరిముక్కలు పొట్లం కట్టి చేతిలో పెట్టేవాళ్లు. నాకు ఆ పొట్లం మీదే ధ్యాస. ఒక ఏడు అది తినేసి, ఊరికే ఉండలేక, నాయన మిషను దగ్గరికి పోయి చక్రం తిప్పబోయాను. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ పొద్దు దాన్ని తిప్పగూడదమ్మా."

"ఎందుకు?"

"సంవత్సరమంతా దాన్ని అడుగుతానే ఉంటాం గదా. కొయ్యి, ఇంకా కొయ్యి, బియ్యం రావాల, గుడ్డలు రావాల అని. ఈ ఒక్కరోజు ఏమీ అడగగూడదు. దండం పెట్టుకోని ఊరకుండాల. అంతే పండగ."

దసరా గురించి తర్వాత చాలా విన్నాను. అమ్మవారు రాక్షసుణ్ణి చంపిన కథ, జమ్మి చెట్టు మీద దాచిన ఆయుధాలను దించుకున్న కథ. ఇప్పుడు నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను కాబట్టి, సెలవులిచ్చే ముందు ప్రతి ఏడూ పిల్లలకు ఆ కథలే చెప్తాను. నాయన చెప్పిన అర్థం మాత్రం ఎవరి నోటా వినలేదు. అది మా ఇంట్లోనే ఉండిపోయింది. ఉండి ఉండి ఒక దసరాకు మా ప్రాణం మీదికి తెచ్చింది.

నాయనకు దగ్గు మొదలైనప్పుడు టీబీ అన్నారు. మందులు మింగాడు, తగ్గలేదు. జిల్లాను ముక్కలు చేసి కొత్త ప్రకాశం చేసిన రోజులవి. మార్కాపురానికి జిల్లా రాలేదని టీకొట్ల దగ్గర అందరూ మండిపడుతుంటే, నేను నాయనను బస్సులో ఒంగోలు తిప్పుతున్నాను. జిల్లా చిన్నదైందన్నారు గానీ మాకు ఆస్పత్రి ఒక్క అడుగు దగ్గర కాలేదు. అక్కడి డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఏం పని చేసేవాడు?" అని అడిగాడు. పలకలు కోసేవాడని చెప్పాను. ఎక్స్‌రేను మళ్లీ వెలుతురుకు పెట్టి చూశాడు. తర్వాత, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుపోయింది, అది ఇక బయటికి రాదు, ఉన్న ఊపిరిని కాపాడుకోవడమే అన్నాడు.

ఆ మాట తర్వాత ఇంటికి ఆక్సిజన్ మిషను వచ్చింది. మంచం పక్కన స్టూలు మీద పెట్టాం. గుర్రుమంటూ నడుస్తూనే ఉండేది. దాని నుంచి సన్నటి గొట్టం నాయన ముక్కుదాకా. కరెంటు పోతే పనికొస్తుందని చిన్న సిలిండరు ఒకటి తలుపు వెనక ఉండేది. మిషను దగ్గర నిప్పు వెలిగించొద్దని తెచ్చిచ్చినవాళ్లు మరీ మరీ చెప్పారు. అప్పటినుంచి అమ్మ దేవుడి దీపం వరండాలో పెట్టేది.

దసరా వచ్చింది. నాయన అటక మీది చక్రం దించమన్నాడు. పని మానేసినప్పుడు అడిగి తెచ్చుకున్న పాత కోత చక్రం అది, అంచు అరిగిపోయింది. ఏటా దానికి బొట్టు పెట్టేవాడు. ఆ ఏడు నాకు ఒళ్లు మండింది.

"దానికెందుకు నాయనా బొట్టు? నీ ఊపిరి తినింది అదే గదా!"

"అన్నం పెట్టింది గూడ అదే గదమ్మా."

"అన్నం పెట్టి ప్రాణం తీసేదానికి దండం పెడతారా ఎవరైనా?"

నాయన నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. అది తగ్గాక మెల్లగా అన్నాడు. "తిన్నింటి వాసాలు లెక్కబెట్టగూడదు. నువ్వు టీచరమ్మవైంది దాని మీదనే."

ఆ మాటకు నా కోపం ఇంకా ఎక్కువైంది. వంటింట్లోకి పోయి గిన్నెల మీద చూపించాను. చక్రం అమ్మే దించింది, చింతపండుతో తోమింది.

అంతటితో అయిపోలేదు. "ఈ గాలి మిషనుకు గూడ బొట్టు పెట్టాల. ఇప్పుడు నా పనిముట్టు ఇదే" అన్నాడు నాయన. సరే అన్నాను. "హారతి ఇచ్చేంతసేపు దాన్ని ఆపాల" అన్నాడు.

"నీకు పిచ్చిపట్టిందా నాయనా?"

"పూజ చేసేటప్పుడు పనిముట్టు నడవగూడదు. నేనేం జన్మంతా ఆపమంటినా? రేయీ పగలూ దాన్ని అడుగుతానే ఉండా, గాలి పెట్టు, గాలి పెట్టు అని. ఒక్క హారతి సేపు అడక్కుండా ఉంటా."

అమ్మ నా వైపు ఉంటుందనుకున్నాను. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "ఆయన ఇంకేం కోరినాడు మనల్ని" అంది. ఇద్దరూ ఒకటైతే నేనేం చేయను? చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మిషను ఆపినంతసేపు సిలిండరు పెట్టాలి, హారతి దూరం నుంచి చూపించాలి. "నీ తృప్తికి" అన్నాడు నాయన.

ఆ వారమంతా కరెంటు కోతలు. సిలిండరు ఖాళీ అయింది. పూజ రోజు పొద్దున్నే పక్కింటి ఆటో అన్నకు ఇచ్చి నింపుకుని రమ్మన్నాను. వాళ్లు ముస్లిములైనా, స్టాండులో అందరితోపాటు ఆటోకు దండ వేసి పూజ చేయిస్తాడు. పోయినంత వేగంగా తిరిగొచ్చాడు.

"షాపు బందక్కా. గుమ్మడికాయ కొట్టి, సిలిండర్లన్నిటికీ బొట్లు పెట్టి తాళమేసి పోయినారు. ఈ పొద్దు పని చెయ్యరంట."

ఊళ్లో ప్రతి పనిముట్టూ పండగ చేసుకుంటోంది. మాకు కావలసిన ఒక్కటీ సెలవులో ఉంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

రేపు చేద్దామన్నాను. పండగ రేపటికి ఆగుతుందా అన్నాడు నాయన. అప్పటికే స్నానం చేయించుకుని, తెల్లపంచె కట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఎన్నో వారాల తర్వాత ఆయన మంచం దిగడం అదే. మొహంలో జబ్బుమనిషి లేడు. ఫ్యాక్టరీలో నా చెయ్యి పట్టుకున్న మనిషి ఉన్నాడు. నాకు భయంగా ఉంది, ఆయనను చూస్తే సంతోషంగానూ ఉంది. వద్దనలేకపోయాను.

ఆయనే గొట్టం తీసి మిషను మీద పెట్టాడు. నేను స్విచ్చి ఆపాను. ఆ మోతకు ఎంత అలవాటు పడిపోయామో అప్పుడు తెలిసింది. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో నాయన ఊపిరి వినపడింది. లోపలికి పోయేది కొంచెం, దానికి పడే కష్టం కొండంత. ఆయన చక్రానికి బొట్టు పెట్టాడు, మిషనుకు పెట్టాడు. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి కర్పూరం వెలిగించింది. కర్పూరం బిళ్ల పెద్దదిగా ఉంది, తొందరగా ఆరదు. అంత పెద్దది ఎందుకు వేసిందో అని అమ్మ మీద మండిపోయాను.

నాయన చేతులు జోడించాడు. పెదవులు నల్లబడుతున్నాయి. మెడ నరాలు తేలాయి. కళ్లు నా వైపు తిరిగాయి, స్విచ్చి వైపు తిరిగాయి, మళ్లీ హారతి వైపు తిరిగి అక్కడే ఆగిపోయాయి. నోరు తెరిచాడు గానీ ఒక్క మాట అనలేదు. అడగడని నాకు అర్థమైంది. ప్రాణం పోయినా అడగడు.

హారతిని నోటితో ఊదగూడదని చిన్నప్పటినుంచీ విన్నాను, పిల్లలకూ చెప్పాను. అమ్మ చేతిలోని పళ్లెం లాక్కుని, ఉఫ్ఫని ఊదేశాను. పొగలేస్తున్న పళ్లేన్ని వాకిట్లోకి విసిరి, పరుగెత్తుకొచ్చి స్విచ్చి వేశాను. గొట్టం ఆయన ముక్కుకు పెట్టాను. అమ్మ "అయ్యో, అపచారం, అపచారం" అని చెంపలు వేసుకుంటూనే ఆయన వీపు రాస్తోంది.

చాలాసేపటికి పెదవులకు రంగు వచ్చింది. నాయన కళ్లు తెరిచి నన్ను వెతుక్కున్నాడు. తిడతాడనుకున్నాను.

"నేను అడగలే గదమ్మా?"

"లేదు నాయనా. నువ్వు అడగలే. నేనే పెట్టినా."

తల ఊపాడు. "బిడ్డను తిట్టబాక. పూజ బాగా జరిగింది" అని అమ్మతో చెప్పి నిద్రపోయాడు.

ఉగాది రాకముందే నాయన పోయాడు. మిషను అద్దెది కాబట్టి తిరిగి ఇచ్చేశాం. ఇచ్చేనాటికి దాని మీద కుంకుమ మరక ఇంకా ఉంది, తుడవలేదు.

మళ్లీ దసరా వచ్చింది. అమ్మ చక్రం దించి, తోమి, బొట్టు పెట్టి, బంతిపూలు పెట్టింది. నన్ను దండం పెట్టుకోమంది. పెట్టుకున్నాను. దాని ఎదురుగా కూర్చుంటే ఒకటే మాట నోటిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టుకున్నాను. ఆ రోజు దాన్ని ఏమీ అడగగూడదు గదా.

మర్నాడు పొద్దున, అమ్మ లేవకముందే, చక్రం మీది వాడిన పూలు పక్కకు తీసి అడిగాను.

"మా నాయనను ఏం జేసినావే?"