సగం గడ్డం

కుర్చీ ఎక్కినవాడి పార్టీయే సెలూన్ పెద్దాయన పార్టీ. ఏ ఊరి సెలూన్‌కెళ్లినా ఇదే నీతి లెండి. కత్తి పట్టినవాడికి వాదమెందుకు? కానీ ఆ ఉదయం, దేశం అప్పుల్లో ఉందంటూ వీధి చివరి ప్రభుత్వాసుపత్రి మూసేశారు. ఆయాసంతో బాధపడే పెద్దాయన భార్యకు మందులిచ్చేది అక్కడే.

కుర్చీలో సగం గడ్డం గీయించుకున్న బావగారు, బెంచీ మీదున్న ఎదుటి పార్టీ బావమరిదితో, "కోటీశ్వరులకు పన్ను తగ్గిస్తేనే దేశం బాగుపడేది! అప్పు మీవాళ్లు చేసిందే" అన్నాడు.

"అబ్బో! మావాళ్లు తగ్గించినప్పుడు గోల పెట్టింది మీరు కాదూ?" బావమరిది ఎగిరాడు.

"నువ్వు చెప్పు పెద్దాయనా, నేనన్నది నిజమేగా?" అన్నాడు బావగారు.

పెద్దాయన కత్తి కింద పెట్టాడు.

"ఉన్నవాడికి దోచిపెట్టేటప్పుడు ఇద్దరూ తోడుదొంగలు. అప్పు మాటొస్తే మాత్రం దొంగా పోలీసు ఆట! మా ఆవిడ ఊపిరికి మీలో ఎవరు పూచీ? మిగతా సగం మీ బావమరిది చేత గీయించుకోండి."

నురగ మొహంతోనే బావగారిని బయటికి పంపి, షట్టరు దించి, భార్యను ఊరవతలి ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఇంటికి నడిచాడు.