ముట్టుకుంటే కొన్నట్టే

భవానీపురంలో నాకు మైకు సెట్ల షాపు ఉంది. పెళ్ళిళ్ళకీ, ఓణీల ఫంక్షన్లకీ, ఎలక్షన్ ప్రచారాలకీ బాక్సులు అద్దెకిస్తాను. ఏడో తరగతి సగంలో నేను బడిని వదిలేశానా, బడే నన్ను వదిలించుకుందా అన్న విషయంలో మా ఇద్దరికీ ఇంకా రాజీ కుదరలేదు. చదువు ఆగింది కానీ నోరు ఆగలేదు. అందుకని చుట్టుపక్కల ఎక్కడ కబడ్డీ పోటీలు పెట్టినా బాక్సులతో పాటు నన్నూ పిలుస్తారు. బాక్సులకి అద్దె, నాకు భోజనం. ఆట గురించి మైకులో మాట్లాడుతూ ఉండటం నా పని.

సాయంత్రం పూట మా షాపు ముందు బల్ల మీద అభిమాన సంఘాలన్నీ కూర్చుంటాయి. ఒక్కో సంఘానికి ఒక్కడే సభ్యుడు. మోటార్లు బాగుచేసే ఆయన ఓ ఫాస్ట్ బౌలర్‌కి వీరాభిమాని. ఎందుకని అడిగితే, "ఆయనకీ నాకూ ఒకటే మోకాలు నొప్పండీ, కుడిదే" అంటాడు. రోల్డ్ గోల్డ్ షాపాయనకి ఒక బాడ్మింటన్ అమ్మాయంటే ప్రాణం. గెలిచినా నవ్వదట. "మా ఆవిడా అంతేనండీ. చూస్తుంటే ఇంట్లో ఉన్నట్టే ఉంటది" అంటాడు. ఇంకొకాయన తన హీరో బ్యాటింగ్‌కి దిగితే ఇంట్లో ఎవరినీ కదలనివ్వడు. ఒకసారి వాళ్ళావిడ పొయ్యి మీద పాలు పెట్టి, కూర్చున్న చోట నుంచే అవి పొంగడం చూసింది. ఆ రోజు ఆయన హీరో సెంచరీ కొట్టాడు. పాల వల్లే అని మావాడి నమ్మకం. అప్పటి నుంచి ఫైనల్స్ ఉంటే అర లీటరు ఎక్కువ పోయిస్తున్నాడు.

నాకూ ఒకడున్నాడు. టీవీలో కనపడడు. వాడి పేరు అడిగి వాణ్ణి ఇబ్బంది పెట్టకండి, నేనూ చెప్పను.

వాళ్ళది కొల్లేటి అంచు ఊరు. వాడి చిన్నప్పుడే తల్లి కంకిపాడు వచ్చి చేపల మార్కెట్లో గంప పెట్టుకుంది. వాడు కబడ్డీలో కూతకు వెళ్ళేవాడు. కూత అంటే తెలుసుగా, అవతలి వాళ్ళ బరిలోకి వెళ్ళి, వాళ్ళని ముట్టుకుని, మళ్ళీ మధ్యగీత దాటి ఇవతలికి వచ్చేదాకా ఊపిరి తిప్పుకోకుండా "కబడ్డీ కబడ్డీ" అంటూనే ఉండాలి. మధ్యలో కూత ఆగితే మనిషి ఔట్. ముట్టుకున్నవాళ్ళు లెక్కలోకి రారు.

వాడి కూత మాత్రం చాలా పొడుగు. అంత దమ్ము ఎక్కడిదని జనం రకరకాలుగా చెప్పుకునేవాళ్ళు. కొల్లేట్లో మునిగి వలలు విప్పేవాడనీ, అరగంట నీళ్ళలోనే ఉండేవాడనీ ఒక కథ. నేనోసారి వాణ్ణే అడిగాను.

"కొల్లేట్లో మునగాలంటే పడుకోవాలన్నా" అన్నాడు వాడు. "మా దగ్గర మొలలోతే. దమ్ము మా అమ్మది. చిన్నప్పుడు గంప మోస్తా ఆమె ఎనకాల తిరిగేవోణ్ణి. ఆవిడ వీధి మొదట్లో 'చేపలో' అని అందుకుంటే, వీధి చివర 'ఓ' అయిపోయేది. నేనూ ఎనకాలే అనేవోణ్ణి."

ఆ తల్లి మాట ఒకటి నేను దొంగిలించాను. కథంతా అక్కడే ఉంది.

మార్కెట్లో బేరానికి వచ్చేవాళ్ళు ఊరికే ఉండరు. మొప్పలెత్తి చూస్తారు, పొట్ట నొక్కుతారు, ఆఖరికి మొహం అదోలా పెట్టి పక్క గంప దగ్గరికి పోతారు. అలాంటివాళ్ళకి ఆవిడ ఒకటే మాట చెప్పేది. "చూస్తే ఊరికే, ముట్టుకుంటే కొన్నట్టే!" ఇది సాగదీసి, చివర్లో కొంచెం ముక్కుతో అనేది. ఒక రోజు కొరమేనుల కోసం వెళ్ళి ఆ మాట విన్నాను. చేపల బేరానికి ఎంత సరిపోయిందో నాకు తెలియదు కానీ, కబడ్డీకి మాత్రం కొలిచి కుట్టించినట్టుంది. ఆ వారమే వాడు కూతకు వెళ్ళగానే మైకులో వదిలాను. "ఏడు కొరమేనులున్నాయండీ తొట్లో! చూస్తే ఊరికే, ముట్టుకుంటే కొన్నట్టే!" జనం ఈలలు వేశారు. ఆ తర్వాత వాడు బరిలోకి దిగితే చాలు, జనమే నాకంటే ముందు అందుకునేవాళ్ళు. గుణదలలో ఒక ఆటోవాడు వెనకాల రాయించుకున్నాడు కూడా, "ముట్టుకుంటే కొన్నట్టే" అని. గుద్దుకునేవాళ్ళకి హెచ్చరిక అనుకుని బళ్ళు దూరంగా వెళ్ళేవట.

రెండేళ్ళ కిందట ఎండాకాలంలో కంకిపాడు వైపు ఒక ఊళ్ళో పెద్ద పోటీలు పెట్టారు. ఫైనల్‌కి వాడి జట్టు వచ్చింది. నేను పొద్దున్నే బాక్సులు కట్టుకుంటుంటే వాడు వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు.

"అన్నా, ఇయ్యాల స్పోర్ట్స్ కోటా సారొకాయన వస్తన్నాడంట. ఒక్క ఉద్యోగం ఉందంట. నన్ను చూడ్డానికే అని చెప్పారు."

"మంచిదేగా. మొహమేంటి అట్టా పెట్టావ్?"

"ఈ ఏటితో నా వయసు దాటిపోద్దన్నా. ఇదే ఆఖరు." కాసేపు వైర్లు చూశాడు. "నా గురించి కాస్త గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పమన్నాడుగా, ఇంకో రెండు బాక్సులు తెప్పించాను. బరికి అటు రెండు, ఇటు రెండు. అంపైర్ రిటైరైన డ్రిల్లు మాస్టారు. వచ్చి బాక్సుల వంక ఒకసారి చూశారు.

"ఏమయ్యా, కబడ్డీకా, ఊరేగింపుకా?"

"మీ విజిల్ వినపడుద్దిలెండి మాస్టారూ."

"విజిల్ సంగతి కాదయ్యా" అని ఏదో చెప్పబోయారు. నేను అప్పటికే మైకు టెస్టింగ్ మొదలుపెట్టాను. ఆయనేం చెప్పబోయారో నాకు సాయంత్రానికి అర్థమైంది.

ఆట చివరికి వచ్చేసరికి వాడి జట్టుకి ముప్పై, అవతలి జట్టుకి ముప్పై ఒకటి. మిగిలింది ఒకే ఒక్క కూత. వాడే వెళ్ళాడు. కుర్చీల వరసలో మధ్యన కోటా సారు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. వాడి తల్లి గీతకి దగ్గరగా, ఆడవాళ్ళతో పాటు కింద కూర్చుంది. చేపల గంప పక్కనే ఉంది. మార్కెట్ నుంచి ఇంటికి కూడా వెళ్ళకుండా వచ్చినట్టుంది.

వాడు కుడివైపు ఊగి, ఎడమవైపు తిరిగి లెఫ్ట్ కార్నర్ కుర్రాణ్ణి కాలి బొటనవేలితో ముట్టుకున్నాడు. వెనక్కి తిరిగేలోపు ఇంకొకణ్ణి వీపు మీద తట్టాడు. ఇద్దరు. రెండు పాయింట్లు. మధ్యగీత రెండంగల దూరం. జనం లేచి నిలబడ్డారు. నేను ఊరుకోవచ్చు. మనిషన్నవాడు ఊరుకునేవాడు. నేను మైకు నోటికి ఆనించి, అంతకుముందు ఎప్పుడూ చెయ్యని పని చేశాను. ఆ మాటని నా గొంతుతో కాదు, వాళ్ళమ్మ గొంతుతో అన్నాను. ఆ సాగదీత, ఆ ముక్కు, అన్నీ పెట్టి. "చూస్తే ఊరికేఏఏ, ముట్టుకుంటే కొన్నట్టేఏఏ!"

నాలుగు బాక్సుల్లోంచి వాళ్ళమ్మ నాలుగుసార్లు అరిచింది.

వాడి భుజాలు ఒక్కసారి కదిలాయి. నేను ఆయాసం అనుకున్నాను. రెండంగలు వేసి గీత దాటాడు. మాస్టారు విజిల్ వేసి రెండు వేళ్ళు చూపించారు. జట్టు వాళ్ళు వాడి మీద పడ్డారు. నేను మైకులో వాడి ఊరి పేరు, నా షాపు పేరు కలిపి అరుస్తున్నాను. వాడు ఆ గుంపులోంచి దూరి బయటికి వచ్చి మాస్టారి దగ్గరికి నడిచాడు. నేను అరవడం ఆపాను కాబట్టి తర్వాతి మాటలు విన్నాను.

"కూత ఆగిందండీ" అన్నాడు వాడు.

"ఎక్కడ?"

"గీతకి అవతలే. దాటకముందే."

"నాకు వినపడలేదయ్యా."

"ఆ మైకు హోరులో మీకెట్టా వినపడుద్దండీ. ఆగింది."

మాస్టారు వాడి మొహంలోకి చూశారు. "దమ్ము చాల్లేదా?"

"నవ్వొచ్చిందండీ."

మాస్టారు తల తిప్పి నా వంక చూశారు. తిట్టలేదు. డ్రిల్లు మాస్టార్లు తిట్టకపోతే ఎలా ఉంటుందో ఏడో తరగతి దాకా చదివిన నాక్కూడా తెలుసు. ఆయన వేళ్ళు ముడిచి, రెండో పక్క చెయ్యెత్తారు. వాడు ఔట్. రెండు పాయింట్లు పోయాయి. అవతలి జట్టుకి ఒకటి వచ్చింది.

ఆ క్షణంలో అక్కడున్నవాళ్ళలో మైకు ఉన్నది నాకొక్కడికే. "తప్పు నాదండీ, ఆ కుర్రాడిది కాదు" అని ఒక్క మాట అనొచ్చు. నేను స్కోరు చెప్పాను. ముప్పై రెండు, ముప్పై. అలవాటు.

మూడు రోజులాగి కంకిపాడు మార్కెట్‌కి వెళ్ళాను. వెళ్ళి ఏమనాలో దారంతా అనుకున్నాను, అక్కడికి చేరేసరికి అన్నీ పోయాయి. వాడు మూలన కూర్చుని ఐసు కొడుతున్నాడు. తల్లి నన్ను చూసి, మళ్ళీ చేపల మీద నీళ్ళు చల్లుకుంటోంది. ఏదో ఒకటి చెయ్యాలి కదా అని ఒక కొరమేను వీపు మీద వేలు పెట్టాను.

"ముట్టుకున్నావ్" అంది.

"పొరపాటున పిన్నీ."

"పొరపాటున ముట్టుకున్నా కొన్నట్టే. ఇంకా పెద్దది ఉంది, అదీ ముట్టుకుంటావా?" తూకం వేస్తూ, తలెత్తకుండానే అడిగింది. "నా గొంతు నీకెందుకు బాబూ? నీది అరిగిపోయిందా?"

నేను జేబులో డబ్బులు వెతుక్కున్నాను.

వాడే అందుకున్నాడు. "బాగానే పట్టాడు గదమ్మా. నువ్వే బరిలోకి వచ్చేసి బేరమాడతన్నావనుకున్నా."

"ఆ సారు ఫోన్ చేశాడా?" అని అడిగాను.

"చేశాడన్నా. నా నిజాయితీ బాగా నచ్చిందన్నాడు. ఉద్యోగం ఆ లెఫ్ట్ కార్నర్ కుర్రోడికి ఇచ్చారు." నేను ఏదో అనబోతే, "వాడూ బాగానే ఆడతాడన్నా, పట్టు గట్టిది" అన్నాడు.

"నచ్చిందంట!" అంది తల్లి, చేపని కవర్లో వేసి ముడి వేస్తూ. "చూస్తే ఊరికేగా. చూసెళ్ళాడు."

"అసలెందుకు చెప్పావురా?" అన్నాను. "మాస్టారికి వినపళ్ళేదు. జనానికి వినపళ్ళేదు. పక్కనున్నోడికి కూడా వినపళ్ళేదు."

ఏదైనా పెద్ద మాట చెబుతాడేమో, బల్ల దగ్గర చెప్పుకోవడానికి ఉంటుందని చెవులు పెట్టుకుని నిలబడ్డాను. వాడు ఐసు ముక్కలు గంపలో సర్దుతూ, "కూత ఆగితే ఔటే గదన్నా" అన్నాడు. అంతే. ఆట నియమం చెప్పాడు.

బల్ల దగ్గర ఈ సంగతి చెబితే మోటార్లాయన ఒప్పుకోలేదు. "ఓడిపోయినోడు హీరో ఏంటండీ? నా బౌలర్ అయితే నోరు మూసుకుని కప్పు తీసుకునేవోడు." రోల్డ్ గోల్డ్ ఆయనకి ఇంకో అనుమానం వచ్చింది. "నవ్వాడు కదండీ మరి. అక్కడే పోయింది. మా అమ్మాయి చూడండి, నవ్వదు." నేను వాదించలేదు. వాళ్ళకి వాళ్ళ మోకాళ్ళు, వాళ్ళ పాలు ఉన్నాయి.

ఆ తర్వాత నుంచి ఎవడు కూతకు వెళ్ళినా నేను మైకు నోటి దగ్గర నుంచి దించి, బరి వైపు పట్టుకుంటాను. ఊళ్ళో హోరంతా ఆగి, నాలుగు బాక్సుల్లో వాడి ఊపిరి ఒక్కటే వినపడుతుంది. జనానికి ఇది తెగ నచ్చింది. గుడివాడ వైపు కుర్ర కామెంటేటర్లు కూడా ఇప్పుడు ఇలాగే చేస్తున్నారు. ఒకడు నా దగ్గరికి వచ్చి, "ఈ స్టైలు మీకెట్టా తట్టిందండీ?" అని అడిగాడు. స్టైలు కాదు నాయనా, శిక్ష అని చెప్పాలనిపించింది. చెబితే మానేస్తాడేమోనని చెప్పలేదు.

వాడు ఇప్పుడు కొల్లేటి నుంచి బెజవాడకి చేపల వ్యాను తోలుతున్నాడు. ఆదివారాలు ఆడతాడు. మొన్న అదే ఊళ్ళో, అదే గ్రౌండ్‌లో మళ్ళీ పోటీలు పెడితే వచ్చాడు. కూతకు వెళ్ళాడు. నేను మైకు దించి బరి వైపు పట్టుకున్నాను. అంతా నిశ్శబ్దం, వాడి కూత తప్ప. వాడు ఒకణ్ణి ముట్టుకుని వెనక్కి తిరిగాడు. సరిగ్గా అప్పుడు గీత పక్కన కూర్చున్న తల్లి, మైకు అవసరం లేని ఆ గొంతుతో అంది. "ముట్టుకుంటే కొన్నట్టేఏఏ!"

ఈసారి తప్పు నాది కాదు గానీ, మైకు నాదే. ఆమె మాట నాలుగు బాక్సుల్లోనూ మోగింది. ఈసారీ అంపైరైన మాస్టారు ముందుకు వంగి వాడి నోటి వంకే చూస్తున్నారు.

కూత ఆగలేదు. వాడు మామూలుగా నడుచుకుంటూ గీత దాటాడు. మాస్టారు ఒక వేలు చూపించారు.

ఆట అయ్యాక వాడు నీళ్ళ కోసం నా బల్ల దగ్గరికి వస్తే అడిగాను. "ఏరా, ఈసారి నవ్వు రాలేదా?"

సీసా సగం తాగి, మూతి తుడుచుకుని వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ గంప తలకెత్తుకుంటోంది.

"ఒరిజినల్‌కి ఎందుకొచ్చుద్దన్నా?" అన్నాడు. "రోజూ వినేదేగా. డూప్లికేట్‌కే వచ్చింది."

సీసా నా బల్ల మీద పెట్టి వెళ్ళి, తల్లి తల మీది గంప తన తలకి మార్చుకున్నాడు. నేను మైకు ఆన్ చేసి స్కోరు చెప్పాను.