అన్నిటికీ ఏడే

ఆవిడ కారు నడపడం నేర్పే టీచరమ్మ. పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, పొద్దస్తమానం "బాగుంది, బాగుంది, అలాగే పోనివ్వండి" అంటూ ఉంటుంది. ఒకాయన కారుని తిన్నగా తీసుకెళ్ళి గోడకి గుద్దితే, "పర్వాలేదండీ, ఇక్కడ గోడే కాస్త ముందుకుంటుంది" అందే తప్ప పల్లెత్తు మాట అనలేదు. ఎదుటి మనిషి చిన్నబుచ్చుకుంటే ఆవిడ ప్రాణం ఉసూరుమంటుంది. ఏం చేస్తాం, పుట్టుకతో వచ్చిన బుద్ధి!

అలాంటి మనిషి చేత మార్కులు వేయించాలనుకోవడం వాళ్ళాయన తెలివితక్కువతనం. ఆయన ప్లంబరు. వారమంతా సింకుల కింద వెల్లకిలా పడుకుని పనిచేసే ఆ మహానుభావుడికి, ఆదివారం సాయంత్రాలు వైన్ రుచి చూసే పిచ్చి పట్టుకుంది. రెండు తెల్లవి, రెండు ఎర్రవి తెస్తాడు. పేరు కనబడితే నాలుక పేరు మాటే వింటుందని, సీసాలకి తన మేజోళ్ళు తొడుగుతాడు. ఉతికినవేలెండి. చల్లబెట్టిన తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత. గ్లాసు గుండ్రంగా తిప్పాలి, ముక్కు లోపలికి దూర్చి వాసన చూడాలి, గుక్కెడు నోట్లో తిప్పి మింగాలి, పదికి ఎన్నో చెప్పాలి.

"తడిసిన గొడుగు వాసన నాన్నా. నాలుగు" అంటుంది వాళ్ళమ్మాయి.

"ఇది వైనా, దగ్గు మందా బావా? మూడు" అంటాడు టీచరమ్మ తమ్ముడు. అతనికి మందుల షాపుంది మరి.

టీచరమ్మ వంతు వస్తే ఏడు. ఎరుపైనా ఏడే, తెలుపైనా ఏడే, మూత సరిగా పెట్టక పాడైపోయిన దానికీ ఏడే. ఇదేమిటమ్మా అంటే, "పాపం, ఎవరో కష్టపడి చేసుంటారు కదా" అంటుంది. ఎంత మంచిదైతే మాత్రం, ఇంత చోద్యం ఎక్కడన్నా ఉందా!

ఇదంతా నవ్వులాటగానే గడిచిపోయేది, ఆయనకి సొంతంగా వైన్ చెయ్యాలన్న బుద్ధి పుట్టకపోతే. పెరట్లో ద్రాక్ష తీగ విరగకాసింది. పళ్ళన్నీ పిసికి ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, పనిలో మిగిలిపోయిన రబ్బరు పైపులు దానికి బిగించి, నెలల తరబడి చంటిపిల్లని కనిపెట్టుకున్నట్టు కనిపెట్టుకున్నాడు. అంతలో అమ్మాయి పెళ్ళి కుదిరింది. ఇంకేం! "విందులో అందరికీ నా చేతి వైనే" అని కాబోయే వియ్యంకుడికి ఫోన్ చేసి మరీ చెప్పేశాడు.

ఆయన పనికి వెళ్ళాక టీచరమ్మ డ్రమ్ము కుళాయి తిప్పి ఓ చెంచాడు చప్పరించింది. గొంతు మంటెత్తి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దానికన్నా వెనిగర్ నయం, పైగా రబ్బరు కంపు. రేపు వియ్యాలవారి ముందు ఈ మనిషి జగ్గు పట్టుకుని "ఎలా ఉంది, ఎలా ఉంది" అంటూ బల్ల బల్లకీ తిరుగుతాడు. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని మూతులు తుడుచుకుంటారు. ఇక లాభం లేదు, ఆయనకి చెప్పి తీరాలనుకుంది.

భోజనాల దగ్గర గుండె చిక్కబట్టుకుని, "ఏమండీ, మీ వైను..." అని మొదలుపెట్టింది.

"అదరగొట్టేస్తుంది కదూ!" అన్నాడాయన కళ్ళు మెరిపిస్తూ.

"అవునండీ" అనేసి నాలుక్కరుచుకుంది.

ఆదివారం ఆయన అయిదు సీసాలు పెట్టాడు. అయిదోది ఎక్కడిదో చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. గ్లాసుల్లో పోయగానే రబ్బరు వాసన గుప్పుమంది. అమ్మాయి మావయ్య వంక చూసింది, మావయ్య అమ్మాయి వంక చూశాడు.

"తొమ్మిది" అంది అమ్మాయి గబగబా.

"తొమ్మిదిన్నర" అన్నాడు తమ్ముడు, గ్లాసు ఇంకా పెదాలకి తగలనేలేదు.

ఆయన పొంగిపోయాడు. "నీదెంత? ఏడేగా?" అన్నాడు పెళ్ళాంతో.

ఏడని ఊరుకుంటే ఎవరికీ ఏ బాధా లేదు. టీచరమ్మ బల్ల కింద నేలని పాదంతో గట్టిగా తొక్కింది. "రెండు" అంది.

ఆయన సీసాకున్న మేజోడు లాగేసి, ఖాళీ చేతులతో పెరట్లోకి వెళ్ళిపోయాడు.

"కొంప ముంచావక్కా!" అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్యరా, తొమ్మిదిన్నర వెధవా" అంది ఆవిడ. ఆవిడ నోట అలాంటి మాట రావడం అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు.

ఆవిడ పెరట్లోకి వెళ్ళేసరికి ఆయన డ్రమ్ము పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. వైన్ పోతే పోయింది, అంతకన్నా పెద్ద పురుగు బుర్రలో దూరింది.

"ఇన్నేళ్ళూ నేనేం చేసినా బాగుందన్నావు. పాట పాడితే బాగుందన్నావు, మీసం పెంచితే బాగుందన్నావు. నన్ను చేసుకుంటావా అనడిగితే సరేనన్నావు. అదీ నా మనసు నొచ్చుకుంటుందనేనా?"

ఇన్ని ఏడులు పంచి పెడితే చివరికి తన మాటకి మిగిలిన విలువ ఇదన్నమాట. టీచరమ్మకి భయంతోపాటు కోపం కూడా వచ్చింది.

"చాల్లెండి, ఏం మాటలవి! మీరు పదిమందిలో నవ్వులపాలైతే నేను చూడలేను. అందుకే నోరు విప్పాను. మీరంటే ఇష్టం లేకపోతే ఏడేసి ఊరుకునేదాన్ని."

ఆయన తలెత్తాడు. "అయితే నాకెన్నేస్తావు?" అన్నాడు.

ఆవిడ ఆయన పలచబడిన జుట్టు, పైపులు బిగించి బిగించి కాయలు కాసిన చేతులు, అన్నీ తీరిగ్గా చూసింది.

"ఎనిమిది" అంది.

"మరి మిగతా రెండూ?"

"ఇందాకే మీ వైనుకిచ్చేశాగా."

ఆయన పకపకా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, బకెట్టు తన్నుకుంటూ లేచి, వైన్ సంగతీ పెళ్ళి సంగతీ గాలికొదిలేసి ఇంట్లోకి పరిగెత్తాడు.

"ఒరేయ్ బావమరిదీ! మీ అక్క నాకు ఎనిమిదేసిందిరా!"