వట్టిపోయిన నెలలు

పెద్దారవీడులో మాకు మూడు బర్రెలు. నాయన రాసే పాల లెక్కలో ఏటా లాభమే కనిపించేది. నాకు నమ్మకం కుదరక ఒకరోజు ఆ పుస్తకం మొదటినుంచీ తిరగేశాను. ఒక్కో బర్రెకు ఒక్కో పేజీ. అది వట్టిపోగానే పేజీ ఆగిపోతుంది, మళ్లీ ఈనాకే మొదలవుతుంది. పాలివ్వని ఆ నెలల్లో అది తిన్న తవుడూ చొప్పా ఎక్కడా రాయలేదు. నాకు ఒళ్లు మండింది. అవన్నీ కలిపి లెక్కేస్తే లాభం కాస్తా నష్టమైంది.

“ఉత్తగా మేసిన నెలలు ఎందుకు రాయలేదు నాయనా?” అని కాగితం ముందు పెట్టి నిలదీశాను.

నాయన అంతా చదివి, కాగితం మడిచి నా చేతికిచ్చాడు.

“లెక్క నీదే కరెక్టు. ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు ఇంట్లోనే ఉంటివి గదా, అప్పుడు నీ తిండి ఖర్చు రాసినానా?”